చెంచా అంచున చైనా వైద్యం: నొప్పిని గీకి దించే ‘గ్వా షా’

చైనా పల్లెల్లో వంటింటి పింగాణి చెంచాకు రెండు పనులు. ఒకటి సూప్ తాగడానికి. రెండోది ఇంట్లో ఎవరికి మెడ పట్టేసినా, నడుము బిగిసినా వీపు గీకడానికి. వీపుకు కాస్త నూనె రాసి, చెంచా అంచుతో పైనుంచి కిందికి గట్టిగా గీకుతారు. నాలుగు గీతలు పడేసరికి చర్మం కందుతుంది. పది గీతలకు ఎర్రని చుక్కలు తేలి, చారలు కడతాయి. చూసేవారికి ఎవరో బెత్తంతో బాదినట్టే ఉంటుంది. గీకించుకున్న మనిషి మాత్రం భుజాలు తిప్పుకుంటూ, ‘తేలికపడింది’ అంటూ లేస్తాడు.

ఈ వైద్యం పేరు ‘గ్వా షా’. చైనా భాషలో ‘గ్వా’ అంటే గీకడం. ‘షా’ అంటే గీకినప్పుడు చర్మం మీద తేలే ఎర్రని పొక్కుల వంటి చుక్కలు. ఆ భాషలో ‘షా’ అక్షరాన్ని రాసేటప్పుడు రోగాన్ని తెలిపే గుర్తు కింద ఇసుకను తెలిపే గుర్తును చేర్చి రాస్తారు. ఇసుక చల్లినట్టు చర్మం మీద తేలేది కనుక ఆ పేరు అతికింది.

ఆ చుక్కలే ఈ వైద్యానికి పేరు తెచ్చాయి. తగువులూ తెచ్చాయి. అవి పైకి వస్తే లోపలి రోగం బయటికి వచ్చినట్టేనని చైనా ముసలమ్మల నమ్మకం. అవి దెబ్బలేనని, పిల్లవాణ్ణి ఎవరో కొట్టారని అమెరికా డాక్టర్ల అనుమానం. నిజానికి రెండూ కావు.

గీకే తీరు

పని చూడటానికి సులువు. చేయించుకునే మనిషిని కుర్చీలో వెనక్కు తిప్పి కూర్చోబెడతారు, లేదా బోర్లా పడుకోబెడతారు. నూనె తప్పనిసరి. నూనె లేకుండా గీకితే చర్మం లేచిపోతుంది. చెంచాను నిలువుగా కాక ఏటవాలుగా పట్టుకుంటారు. ఒక్కో గీత 4 నుంచి 6 అంగుళాలు. ఎప్పుడూ ఒకే దిక్కుకు గీకాలి తప్ప రంపం కోసినట్టు ముందుకూ వెనక్కూ లాగకూడదు. మెడ నుంచి మొదలుపెట్టి భుజాలకు, అక్కడి నుంచి వెన్నుపూసకు రెండు పక్కలా కిందికి దిగుతారు. వెన్నెముక మీద నేరుగా గీకరు. కండ ఉన్న చోటే ఈ వైద్యానికి చోటు.

ఒక వరుసలో చుక్కలు తేలడం ఆగిందంటే అక్కడికి చాలునని లెక్క. ఆ తర్వాత పక్క వరుసకు జరుగుతారు. పట్టు లేని చోట ఎంత గీకినా చర్మం గులాబీ రంగుకు తిరుగుతుందే గాని చుక్కలు రావని, పట్టేసిన చోటే అవి దట్టంగా వస్తాయని చేసేవారు చెబుతారు. రంగు ఎంత ముదిరితే నొప్పి అంత పాతదని అంచనా వేసేవారూ ఉన్నారు. అయిపోయాక గోరువెచ్చని నీళ్లు తాగిస్తారు. ఆ పూట చన్నీళ్ల స్నానం వద్దంటారు, ఎదురుగాలిలో తిరగవద్దంటారు.

పనిముట్టు ఇదే కావాలని నియమం లేదు. పింగాణి చెంచా, గిన్నె అంచు, రాగి నాణెం, నున్నగా అరగదీసిన గేదె కొమ్ము, పచ్చరాయి పలక, ఏది దొరికితే అది. వెనకటి రోజుల్లో జనపనార పేనిన తాడును నీళ్లలో తడిపి దానితోనూ రుద్దేవారు. ఖర్చు లేని వైద్యం కనుకనే అది పండితుల గ్రంథాలకన్నా ఇంటి ఆడవారి చేతుల్లో ఎక్కువగా బతికింది.

మూడు వందల యాభై ఏళ్ల నాటి గ్రంథం

గ్రంథాలకు ఎక్కలేదని కాదు. 1675లో, చింగ్ వంశపు చక్రవర్తుల కాలంలో, గువో జిసుయి అనే వైద్యుడు ఈ ‘షా’ రోగాల మీదే ఒక పుస్తకం రాశాడు. ఎండదెబ్బ, కడుపునొప్పి, ఒళ్లు నొప్పులతో కూడిన జ్వరం, వాంతులు, ఉన్నట్టుండి కళ్లు తిరిగి పడటం వంటి అనేక బాధలను ఆనాటి వైద్యులు ‘షా’ పేరుతో ఒకే గంపలో వేసేవారు. గువో ఒక వరుస చెప్పాడు. బాధ చర్మంలో ఉంటే గీకాలి. రక్తంలోకి దిగితే సూదితో పొడిచి కాస్త నెత్తురు తీయాలి. ఇంకా లోపలికి పోతే మందు ఇవ్వాలి. అంటే గీకుడుకు ఒక హద్దు ఉందని ఆ పాతకాలపు వైద్యుడికే తెలుసు. తర్వాతివారిలో చాలామంది దాన్ని మరిచారు.

మరిచినందుకు మూల్యం 1820, 1821 సంవత్సరాల్లో కనబడింది. 1817లో మన వంగదేశంలో చెలరేగిన కలరా ఓడల మీద తూర్పు దేశాలకు పాకి చైనా రేవులకు చేరింది. విరేచనాలతో ఒంట్లో నీరంతా పోయి రోగుల కాళ్లు కొంకర్లు పోయేవి. చైనా వైద్యులు దీన్ని కూడా ‘కాళ్లు లాగే షా’ అన్నారు. పాత అలవాటు చొప్పున గీకినవారూ, పొడిచినవారూ ఉన్నారు. కలరాకు కావలసింది పోయిన నీటినీ ఉప్పునూ తిరిగి ఒంట్లోకి చేర్చడం. చెంచా అంచుకు ఆ పని చేతకాదు. ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లను నోటితో తాగించి వేలమందిని బతికించవచ్చని 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ చేసి చూపేదాకా పేదవాడికి అందే మందు దానికి దొరకలేదు. నేడు ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడిగినా ఇచ్చే ఓ.ఆర్.ఎస్. పొట్లాం అదే.

గాలి సోకిందంటే గీకుడే

చైనా ఎల్లలు దాటి దక్షిణానికి పోయేకొద్దీ ఈ వైద్యానికి పేరు మారుతుంది, కారణమూ మారుతుంది. వియత్నాంలో దీన్ని ‘కావ్ యో’ అంటారు. అంటే ‘గాలి గీకడం’. కంబోడియా వారి పేరుకూ గాలిని రుద్ది తీయడమనే అర్థం. ఇండోనేషియాలోని జావా పల్లెల్లో ‘కెరోకన్’ అంటారు. అక్కడ ఒళ్లు నొప్పులూ, కడుపుబ్బరమూ, నలతా కలిసి వస్తే ‘మాసుక్ ఆంగిన్’ అంటారు. ఆ మాటకు ‘గాలి దూరింది’ అని అర్థం. వానలో తడిసినా, రాత్రంతా బయట తిరిగినా ఒంట్లోకి గాలి దూరుతుందని, వీపు మీద నాణెంతో చేపముల్లు ఆకారంలో గీకితే ఆ గాలి బయటికి పోతుందని వారి నమ్మకం.

ఈ మాట వింటే మన పెద్దలు నవ్వరు. కీళ్ల నొప్పికి ‘వాతం’ అని, వేళగాని వేళ బయట తిరిగిన పిల్లకు ‘గాలి సోకింది’ అని చెప్పే నేల మనది. వాతమంటే వాయువే కదా. దేశాలు వేరైనా నొప్పికి గాలి మీద నేరం మోపడం మాత్రం ఒకటే.

నాణెం గీకుడులో వియత్నాం వారు కర్పూరం, నీలగిరి తైలం కలిసిన ఘాటు నూనెలు వాడతారు. జావాలో పసిపిల్లలకు నాణెం వాడరు. చిన్న ఎర్ర ఉల్లిపాయను నలిపి నూనెలో కలిపి మెల్లగా రుద్దుతారు. వియత్నాంలో మరో పద్ధతీ ఉంది. ఉడికిన గుడ్డులో వెండి నాణెం పెట్టి, గుడ్డలో మూటగట్టి, వేడి ఉండగానే ఒంటికి రుద్దుతారు. కాపడానికి కాపడం, రుద్దుడుకు రుద్దుడు.

దెబ్బలనుకున్న డాక్టర్లు

1975 ఏప్రిల్ 30న సైగాన్ పడిపోయింది. వియత్నాం నుంచి లక్షలాదిగా కాందిశీకులు అమెరికా చేరారు. కొత్త దేశం, కొత్త చలి, రాని భాష. పిల్లలకు దగ్గూ జలుబూ రాగానే తల్లులు చేతనైన వైద్యం చేశారు. నాణెం తీసి వీపు గీకారు. జ్వరం తగ్గకపోతే ఆస్పత్రికి తీసుకెళ్లారు. చొక్కా విప్పి చూసిన డాక్టరు గతుక్కుమన్నాడు. వీపు నిండా ఎర్రని చారలు. ఆ దేశంలో పిల్లవాడి ఒంటి మీద దెబ్బలు కనిపిస్తే డాక్టరు ఊరుకోకూడదు. చట్టం ఒప్పదు. అధికారులకు తెలపాలి. వారు వచ్చి పిల్లవాణ్ణి తల్లిదండ్రుల నుంచి వేరు చేసే అధికారం కూడా ఉంది.

ఇలాంటివి ఒకటీ రెండూ కాదు. 1976లోనే అమెరికా పిల్లల వైద్యుల పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. వియత్నాం పిల్లల ఒంటి మీది ఈ చారలు దెబ్బలు కావని, వైద్యపు గుర్తులని అది తోటి డాక్టర్లకు చెప్పింది. 1980లో మరో పెద్ద వైద్య పత్రిక ఇదే విషయాన్ని మళ్లీ ఎత్తుకుంది. అప్పటికి ఒక చెడు జరిగింది. నేరం మోపుతారన్న భయం తల్లులకు పట్టుకుంది. జబ్బు చేసిన పిల్లవాణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్లాలంటే జంకడం మొదలైంది. గీకుడు వల్ల పిల్లలకు కలిగిన నష్టం కంటే ఈ జంకు వల్ల కలిగే నష్టమే పెద్దదనాలి.

ఈ కథనే చైనా వారు 2001లో సినిమా తీశారు. పేరు కూడా ‘గ్వా షా’యే. దర్శకుడు జెంగ్ షియావోలాంగ్. అమెరికాలోని సెయింట్ లూయీ నగరంలో స్థిరపడిన చైనా కుటుంబం. చైనా నుంచి వచ్చిన తాతకు ఇంగ్లీషు రాదు. మనవడికి కడుపునొప్పి వస్తే మందు సీసా మీది అక్షరాలు చదవలేక, తెలిసిన వైద్యం చేస్తాడు. ఆ చారలు అధికారుల కంట పడతాయి. తండ్రి మీద కేసు నడుస్తుంది, పిల్లవాణ్ణి తీసుకుపోతారు. ముసలి తండ్రికి చిక్కు రాకూడదని గీకింది తానేనని కొడుకు తన మీద వేసుకుంటాడు. న్యాయస్థానంలో ఎంత వివరించినా వైద్యమంటే ఎవరూ నమ్మరు. చివరకు అతని అమెరికన్ మిత్రుడు చైనావారి పేటకు పోయి తన వీపే గీకించుకుని వచ్చి చూపిస్తాడు. వాదన కన్నా ఆ వీపే గట్టి సాక్ష్యమైంది.

చుక్కల లోగుట్టు

ఇంతకూ ఆ ఎర్ర చుక్కలేమిటి? చర్మం కింద వెంట్రుక కంటే సన్నని రక్తనాళాలు వలలా అల్లుకుని ఉంటాయి. నూనె రాసి గట్టిగా గీకినప్పుడు వాటిలో కొన్ని చిట్లి, రక్తం చర్మం కిందికి ఊరుతుంది. బయటికి కారదు. అదే చుక్క. అది చెడు రక్తం కాదు. రోగమూ కాదు, గాలీ కాదు. మోకాలు తలుపుకు తగిలితే కమిలినట్టే ఇదీ. ఊరిన రక్తాన్ని ఒళ్లు తిరిగి పీల్చేసుకుంటుంది. రెండు రోజుల నుంచి అయిదు రోజుల్లో మచ్చ మాయమవుతుంది. వాతలు పెడితే మిగిలే కాలిన మచ్చ జీవితాంతం ఉంటుంది. ఈ రెంటికీ పోలిక లేదు.

అయితే నొప్పి తగ్గుతుందన్నది ఒట్టి భ్రమేనా? అలాగని కొట్టిపారేయడానికి లేదు. 2007లో 11 మంది ఆరోగ్యవంతులకు గీకి, చర్మం కింద రక్తం పారే తీరును లేజర్ యంత్రంతో కొలిచారు. గీకిన చోట మొదటి ఏడున్నర నిమిషాల పాటు రక్తప్రసరణ నాలుగింతలైంది. 25 నిమిషాల వరకూ మామూలు కంటే ఎక్కువగానే ఉంది. 2009లో ఎలుకల మీద చేసిన పరిశోధనలో, ఊరిన రక్తాన్ని విరగ్గొట్టే ఒక ఎంజైము గీకిన తర్వాత ఒంట్లో పెరిగినట్టు తేలింది. వాపును తగ్గించే గుణం ఆ ఎంజైముకు ఉంది.

రోగుల మీద జరిగిన పరీక్షల్లో చెప్పుకోదగ్గది 2011 నాటిది. జర్మనీలో చాలాకాలంగా మెడనొప్పితో బాధపడుతున్న 48 మందిని చీట్లు తీసినట్టు రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు ఒక్కసారి గ్వా షా చేశారు. రెండో జట్టుకు వేడి కాపడం పెట్టారు. వారం తర్వాత చూస్తే గీకించుకున్నవారికే నొప్పి ఎక్కువగా తగ్గింది. ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోవాలి. మాత్రల పరీక్షలో అసలు మాత్రకు బదులు సున్నపు మాత్ర ఇచ్చి రోగిని ఏమార్చవచ్చు. గీకుడులో అది కుదరదు. తనకు గీకారో లేదో ఎవరికైనా తెలుస్తుంది. ‘కొత్త వైద్యం చేశారు, తగ్గుతుంది’ అన్న నమ్మకమే కొంత నొప్పిని దించి ఉండవచ్చు. పైగా అది వారం రోజుల లెక్క మాత్రమే.

కనుక మెడ, భుజం, నడుము కండరాలు పట్టేస్తే కొన్నాళ్లు ఉపశమనం ఇచ్చే మోటు వైద్యంగా దీన్ని ఒప్పుకోవచ్చు. అరిగిన కీలును ఇది బాగుచేయదు. జారిన వెన్నుపూసను సరిచేయదు. జ్వరానికి, కామెర్లకు, ఉబ్బసానికి ఇదే మందని ఎవరన్నా చెబితే నమ్మరాదు.

ఎవరు దూరంగా ఉండాలి

ఈ వైద్యం నగరాల్లోని మసాజ్ కేంద్రాల ద్వారా మన వైపూ వచ్చింది. వీడియోలు చూసి ఇంట్లోనే ప్రయత్నించేవారూ ఉన్నారు. వారు తెలుసుకోవలసినవి కొన్ని.

అన్నిటికంటే ముందు జ్వరం సంగతి. వానాకాలంలో ఒళ్లు నొప్పులతో జ్వరం వచ్చిందంటే అది డెంగీ కావచ్చు. డెంగీలో రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు పడిపోతాయి. అప్పుడు గీకితే చర్మం కింద రక్తస్రావం పెరుగుతుంది. అంతకన్నా ముప్పు మరొకటుంది. ఒంటి మీద ఎర్ర చుక్కలు తేలడం డెంగీ ముదురుతోందనడానికి డాక్టరు చూసే గుర్తుల్లో ఒకటి. గీకి చుక్కలు తెప్పించుకుంటే ఏ చుక్క రోగానిదో, ఏ చుక్క చెంచాదో పోల్చడం ఎవరి తరమూ కాదు. ‘ఒళ్లు నొప్పులే కదా’ అని జ్వరంతో ఉన్న మనిషి వీపు గీకడం అందుకే కూడని పని.

గుండెజబ్బుకు, పక్షవాతానికి రక్తం పలుచబడే మాత్రలు వాడేవారు దీని జోలికి పోరాదు. గర్భిణుల పొట్ట, నడుము మీద గీకరాదు. పుండు, తామర, పుట్టుమచ్చ, ఉబ్బిన నరం ఉన్న చోట ముట్టరాదు. మధుమేహం ముదిరి, ఒంటికి స్పర్శ తగ్గినవారికి చర్మం రేగినా తెలియదు. అలాంటి చోట పుడితే పుండు మానడం కష్టం. ఛాతీలో బరువు, ఎడమ భుజానికి పాకే నొప్పి, ఒక పక్క చేయీ కాలూ పట్టు తప్పడం కండరాల పట్టు కాదు. చెంచా వెతుకుతూ కూర్చుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఎండదెబ్బకు కూడా అంతే. నీడకు చేర్చి, ఒళ్లు తడిపి, ఆస్పత్రికి పంపడమే పని.

కర్పూరం కలిసిన నూనెలను ఒళ్లంతా పట్టించి గీకడం వల్ల కర్పూరం విషంగా మారిన సందర్భాన్ని 2002లో వైద్య పత్రిక ప్రచురించింది. నాణెం గీకుడులో ఒళ్లు కాలిన ఉదంతం 2000లో నమోదైంది. పసిపిల్లలకు కర్పూరపు నూనె అసలే వద్దు. వారి చర్మం పలుచన, కనుక గీకుడూ వద్దు.

చెంచా శుభ్రత మాటకొస్తే, చర్మం పైకి చిట్లకపోయినా గీకేటప్పుడు కంటికి కనబడనంత రక్తం, రసి పనిముట్టుకు అంటవచ్చు. అదే పనిముట్టును తుడిచి మరొకరికి వాడితే కామెర్లు తెచ్చే హెపటైటిస్-బి వంటివి అంటుకునే వీలుంది. మసాజ్ కేంద్రంలో ఒకే కొమ్ము పలకను పదిమందికి వాడుతుంటే అక్కడి నుంచి లేచి రావడమే మేలు. కొమ్ము, కర్ర ఉడకబెట్టినా పూర్తిగా శుద్ధి కావు, ఒకరిది ఒకరికే ఉండాలి. పింగాణి, ఉక్కు అయితే సబ్బుతో కడిగి నీళ్లలో మరిగించవచ్చు.

ముఖానికి పచ్చరాయి

ఇటీవల గ్వా షా పేరు వినగానే పట్నం ఆడపిల్లలకు గుర్తొచ్చేది వీపు కాదు, ముఖం. పచ్చరాయి, గులాబీ రాయి పలకలతో చెంపలు, దవడలు మెల్లగా నిమురుకుంటారు. బ్యూటీ పార్లర్లలోనూ చేస్తారు. ఇది వేరు సంగతి. ఇందులో చుక్కలు తేలవు, తేలకూడదు కూడా. నిమిరినందుకు హాయిగా ఉంటుంది, నీరు పట్టిన ముఖం కాసేపు తేటగా కనబడవచ్చు. ముఖం సన్నబడుతుందని, ముడతలు పోతాయని అమ్మేవారు చెప్పే మాటలకు రుజువు లేదు. పచ్చరాయి పేరుతో అమ్మేవాటిలో గాజు, ప్లాస్టిక్ ముక్కలూ ఉంటాయి. రాయి ఏదైనా తేడా ఉండదు. పని చేసేది అంచు, ఒత్తిడి, నూనె.

చైనాలో ఇప్పుడు పెద్ద ఆస్పత్రుల సంప్రదాయ వైద్య విభాగాల్లో కూడా శిక్షణ పొందినవారు గ్వా షా చేస్తున్నారు. చేసే ముందు రోగి వాడే మందులేమిటో అడుగుతారు. చేసిన తర్వాత చారలు ఎన్ని రోజులుంటాయో చెప్పి పంపుతారు. ఒకసారి గీకిన చోట మచ్చలు పూర్తిగా మాయమయ్యేదాకా మళ్లీ గీకరాదన్నది అక్కడ ఇంట్లో చేసుకునేవారూ, ఆస్పత్రిలో చేసేవారూ ఒకేలా పాటించే నియమం.